తరుగు ఎక్కడ పడింది? మే నెలలో ఒక పెట్రోల్ బంకు లెక్క

ఒక్క లోడు మీద 118 లీటర్లు. విశాఖపట్నంలో మధురవాడ దాటాక ఆనందపురం వైపు, జాతీయ రహదారి పక్కన ఉన్న ఒక బంకు పెట్రోల్ ఖాతాలో మే నెలాఖరున తేలిన తరుగు ఇది. ట్యాంకులో 4,000 లీటర్లు ఉండగా 12,000 లీటర్ల లోడు దిగింది. ఆరు రోజుల్లో నాజిళ్ల మీటర్ల ప్రకారం 12,000 లీటర్లు అమ్ముడుపోయింది. మిగలాల్సింది 4,000, మిగిలింది 3,882. డీలరుకు ముందు ట్యాంకర్ సిబ్బంది మీద అనుమానం వచ్చింది. తర్వాత నైట్ షిఫ్టులో ఉండే కుర్రాళ్ల మీదికి మళ్లింది.

కొనేవాళ్ల ఫిర్యాదు దీనికి పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. "తెల్లారగట్ల కొట్టించు గురూ, చల్లగా ఉన్నప్పుడు ఎక్కువొస్తాది" అని ఆటో స్టాండులో ఒకరికొకరు చెప్పుకుంటారు. మధ్యాహ్నం నింపించిన డీజిల్‌కు మైలేజీ పడిపోతోందని లారీల యజమానులు అంటారు. అమ్మేవాడు తనకు పోతోందంటాడు, కొనేవాడు తనకే పోతోందంటాడు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కాకపోతే తరుగు పడే చోటు వాళ్లు అనుకునేది కాదు. గడియారంలో టైముకూ దీనికీ దాదాపు సంబంధం లేదు. ఎండలో కాగిన లోడు చల్లటి భూగర్భ ట్యాంకులోకి దిగే చోటే అసలు కథ ఉంది.

బంకు పేరు, కంపెనీ పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. అంకెలను లెక్క సులువుగా సాగేందుకు గుండ్రం చేశాం. పద్ధతి మాత్రం ఏ బంకులోనైనా ఇదే.

పెట్రోల్ ఎంత ఉబ్బుతుంది

లీటరు పెట్రోల్ ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 1.2 మి.లీ. పెరుగుతుంది. మన వేసవి వేడిలో లెక్కకు 1.25 తీసుకుంటే సరిపోతుంది. డీజిల్ అయితే 0.85 నుంచి 0.9 దాకా. అదే వేడిలో నీళ్లు 0.3 మి.లీ. మాత్రమే పెరుగుతాయి. అందుకే బిందెలో నీళ్లు ఎండకు పెరిగాయని ఎవరికీ అనిపించదు, పెట్రోల్ దగ్గర మాత్రం అది పుస్తకాల్లోకి ఎక్కుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కూ ఈ లెక్క పెద్దగా మారదు. ఇథనాల్ కూడా దాదాపు అంతే ఉబ్బుతుంది.

ఉబ్బినా బరువు మారదు. ఇంజన్‌కు పనికొచ్చేది బరువే, బిల్లు పడేది లీటర్లకు. మన దేశంలో బంకు నాజిల్ నుంచి వచ్చేది ఆ క్షణం వేడిలో ఉన్న లీటరు. ట్యాంకర్‌లో డీలరు కొనేదీ అలాంటి లీటరే. చలాన్ మీద లోడింగ్ ఉష్ణోగ్రత, 15 డిగ్రీల దగ్గరి డెన్సిటీ (ఘనపు మీటరుకు ఎన్ని కిలోలో) రాసి ఉంటాయి, కానీ డబ్బు కట్టేది వేడి లీటర్లకే. కెనడాలో చాలా బంకుల్లో పంపు మిషనే ఉష్ణోగ్రత చూసుకుని 15 డిగ్రీల లీటరుగా మార్చి బిల్లు వేస్తుంది. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు. 30 డిగ్రీల లీటరులో 15 డిగ్రీల లీటరు కంటే బరువు 1.8 శాతం తక్కువ ఉంటుంది కాబట్టి ప్రతి లీటరుకూ మోసపోతున్నామనే వాదన ఒకటి తరచూ వినిపిస్తుంది. ధర కట్టిందే ఈ సహజ లీటరుకు కాబట్టి ఆ వాదన నిలవదు. నిలిచే ప్రశ్న ఒక్కటే: ఈ రోజు లీటరుకూ నిన్నటి లీటరుకూ, ఈ బంకు లీటరుకూ పక్క బంకు లీటరుకూ తేడా ఎంత?

లోడు వచ్చిన రోజు

రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. లారీలు నింపే టెర్మినల్‌లో ట్యాంకులు భూమి మీద, ఆ ఎండలోనే నిలబడి ఉంటాయి. పైగా 1957 నుంచి రిఫైనరీ ఉన్న ఊరు ఇది. మల్కాపురం వైపు లారీ నిండి గంటా రెండు గంటల్లో బంకుకు చేరిపోతుంది. దారిలో చల్లారే వ్యవధి ఉండదు. ఈ లోడు చలాన్‌లో 36 డిగ్రీలు, 15 దగ్గర డెన్సిటీ 745.0 అని ఉంది. 4,000 లీటర్ల చొప్పున మూడు అరలు.

లారీ ఆపి, ఎర్తింగ్ క్లిప్ తగిలించి, కాసేపు ఆగాక మూతలు తీశారు. మూడు అరల్లోనూ డిప్ (కొలకర్ర ముంచి చూసిన మట్టం) ప్రూఫ్ లెవెల్‌కు, అంటే అరకు ముందే కొలిచి గుర్తుపెట్టిన మట్టానికి, సరిగ్గా సరిపోయింది. శాంపిల్ 500 మి.లీ. జార్‌లోకి తీసి, నీడలో సమతలంగా పెట్టి, హైడ్రోమీటర్ (తేలుతూ డెన్సిటీ చూపే గాజు గొట్టం), థర్మామీటర్ వదిలారు. రీడింగ్ 726.5, వేడి 36. అప్పటి వేడిలోని డెన్సిటీని 15 డిగ్రీలకు మార్చే పట్టిక 53బి చూస్తే 15 దగ్గర 745.3 వచ్చింది. చలాన్‌తో తేడా 0.3. అనుమతించే తేడా 3, అటూ ఇటూ. కాబట్టి సరుకు సరైనదే, కొలతా సరైనదే. ట్యాంకర్ సిబ్బంది మీది అనుమానం ఇక్కడే తీరిపోవాల్సింది.

ఈ పరీక్ష చాలా బంకుల్లో తప్పుగా జరుగుతుంది, అందుకే కాస్త వివరంగా చెప్పాలి. పెట్రోల్ డెన్సిటీ డిగ్రీకి 0.9 చొప్పున మారుతుంది. థర్మామీటర్‌ను జార్ లోంచి పైకి లాగి చదివితే ఆవిరి చల్లదనానికి పాదరసం రెండు మూడు డిగ్రీలు జారిపోతుంది. మూడు డిగ్రీల తప్పు అంటే 2.7 తేడా. మంచి సరుకు కల్తీలా, కల్తీ సరుకు మంచిదిలా కనిపించడానికి అంత చాలు. థర్మామీటర్ పాదరసం గుండు పెట్రోల్‌లో మునిగి ఉండగానే చదవాలి. హైడ్రోమీటర్ జార్ గోడకు తగలకూడదు, కాడ మీద బుడగలు అంటుకుని ఉండకూడదు. రీడింగ్‌కు ముందూ తర్వాతా వేడి చూడాలి. రెండూ అర డిగ్రీ కంటే ఎక్కువ తేడా వస్తే మళ్లీ మొదలుపెట్టాలి.

రాత్రి ఆగిన ట్యాంకర్ సంగతి వేరు. సాయంత్రం నిండిన లోడు తెల్లారేసరికి రెండు డిగ్రీలు చల్లబడినా 12,000 లీటర్ల మీద 30 లీటర్లు తగ్గుతుంది. అంటే అరకు 10 లీటర్లు, డిప్‌లో మూడు నాలుగు మిల్లీమీటర్లు. కళ్లకు కనిపించే తేడా కాబట్టి గొడవ అయ్యేది ఎప్పుడూ దీని మీదే. డ్రైవర్‌ను నిలదీసే ముందు చలాన్ వేడికీ, అరలో ఇప్పుడున్న వేడికీ తేడా చూడండి.

ఆరు రోజుల్లో ఏం జరిగింది

భూగర్భ ట్యాంకులో ముందున్న 4,000 లీటర్లు 30 డిగ్రీల దగ్గర ఉన్నాయి. పైన కాంక్రీటు, కింద మట్టి. పగటి ఎండ మట్టిలో ఒక మూర లోతు దాటేసరికి చల్లారిపోతుంది. రెండు మీటర్ల లోతున మధ్యాహ్నానికీ అర్ధరాత్రికీ తేడా తెలియదు. ఆ 30 డిగ్రీల్లోకి 36 డిగ్రీల సరుకు 12,000 లీటర్లు దిగితే కలిసిన వేడి 34.5. ట్యాంకులో మట్టాన్నీ వేడినీ దానంతట అదే కొలిచే ఏటీజీ పరికరం తెరపై కూడా దాదాపు అదే కనిపించింది.

ఇక్కడి నుంచి ట్యాంకు నెమ్మదిగా తన వేడిని మట్టికి ఇస్తుంది. రోజుకు రెండు వేల లీటర్లు అమ్ముడుపోయే బంకు ఇది. మొదటి రోజు ముగిసేసరికి 33.4, రెండో రోజుకు 32.6, మూడో రోజుకు 32, తర్వాత 31.5, 31.1, ఆరో రోజుకు 30.8. ఏ రోజుకారోజు ట్యాంకులో ఉన్న సగటు సరుకును, ఆ రోజు తగ్గిన డిగ్రీలను, 1.25 మి.లీ.ను గుణిస్తే ఆ రోజు తరుగు వస్తుంది. మొదటి రోజు 15,000 లీటర్లు, 1.1 డిగ్రీలు: 20.6 లీటర్లు. రెండో రోజు 13,000, 0.8: 13 లీటర్లు. ఆ తర్వాత 8, 5.6, 3.5, 1.9. మొత్తం 53 లీటర్లు. ఇది ఎవరూ తీయలేదు, ఎక్కడా కారలేదు. వేడిగా కొన్న లీటర్లు చల్లబడి దగ్గరపడ్డాయి, అంతే. లీటరు 110 రూపాయలు అనుకుంటే లోడుకు 5,830. నెలకు అయిదు లోడ్లయితే 29,150 రూపాయలు. చిన్న బంకుకు ఇది చిన్న మొత్తం కాదు. డీలరు బాధలో న్యాయం ఉంది.

నైట్ షిఫ్టు అనుమానం తీర్చడానికి ఒక రాత్రి పరీక్ష పెట్టారు. లోడు దిగిన రోజు రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా పెట్రోల్ నాజిళ్లు రెండూ ఆపి, తాళం వేసి, ఏటీజీ రీడింగులు తీశారు. ట్యాంకులో 14,000 లీటర్లు. ఉదయానికి మామూలు లీటర్లు 5 తగ్గాయి. వేడి 0.3 డిగ్రీ తగ్గింది. 15 డిగ్రీలకు మార్చిన లీటర్లు మాత్రం అలాగే ఉన్నాయి. 14,000ను 0.3తో, 1.25తో గుణిస్తే వచ్చేది సరిగ్గా ఆ 5 లీటర్లే. ట్యాంకుకు గానీ పైపుకు గానీ లీకు ఉంటే 15 డిగ్రీల అంకె కూడా తగ్గేది. ఏటీజీ ఉన్న ప్రతి బంకులో ఈ రెండో అంకె తెర మీదే ఉంటుంది, చూసేవాళ్లే తక్కువ.

మిగతా 65 లీటర్లు

118లో 53 పోతే 65. వేడి మీదే అంతా నెట్టేస్తే విచారణ సగంలో ఆగినట్టే.

లోడు దిగేటప్పుడు ట్యాంకులోని గాలి బయటికి పోవాలి. ఆ గాలి నిండా పెట్రోల్ ఆవిరే. ఆవిరిని పట్టే ఏర్పాటు లేకపోతే 12,000 లీటర్లు దించితే సుమారు 10 కిలోల ఆవిరి వెంట్ పైపు గుండా వెళ్లిపోతుంది. లీటర్లలో 15 దాకా. ఆవిరి గొట్టం ట్యాంకర్‌కు తగిలించినా డీలరు లెక్కలో తేడా రాదు. ఆ ఆవిరి గాలిలో కలవకుండా లారీలోకి వెళ్తుంది, బంకు ట్యాంకులోకి తిరిగి రాదు. ఊపిరి పీల్చుకునే మనుషుల కోసం ఆ గొట్టం తప్పక తగిలించాలి, అది వేరే లెక్క. సరుకు దించే ఫిల్ పైపు ట్యాంకు అడుగు దాకా ఉందో లేదో కూడా చూడాలి. పైపు పొట్టిగా ఉండి సరుకు పైనుంచి ధారగా పడితే ఆవిరి ఒకటిన్నర రెట్లు అవుతుంది.

తర్వాత నాజిళ్లు. 5 లీటర్ల స్టీలు కొలతతో చూస్తే మొదటిది సున్నా తేడా. రెండోది ప్రతి 5 లీటర్లకు 17 మి.లీ. ఎక్కువ పోస్తోంది. అనుమతి 25 మి.లీ. దాకా ఉంది కాబట్టి రోజువారీ పరీక్షలో "ఓకే" అని రాసి వదిలేశారు. ఆ నాజిల్ మీద ఆరు రోజుల్లో 7,000 లీటర్లు అమ్మారు. 1,400 సార్లు 17 మి.లీ. అంటే 24 లీటర్లు. ఈ పరీక్షలోనూ ఎండ దూరుతుంది. కొలత పాత్ర ఎండలో కాగి ఉంటే, పోసిన 5 లీటర్లు రెండు డిగ్రీలు వేడెక్కి 12 మి.లీ. ఉబ్బుతుంది. తక్కువ పోసే నాజిల్ కూడా సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. పాత్రను నీడలో ఉంచి, ఒకసారి పెట్రోల్‌తో తడిపి ఒంపేసి, అప్పుడు నింపి, వెంటనే మెడ మీది గీతను కంటికి సమంగా చదవాలి.

మిగిలింది 26 లీటర్లు. ఇరవై వేల లీటర్ల ట్యాంకు రెండు మీటర్ల వ్యాసం, 6.4 మీటర్ల పొడవు ఉంటుంది. ఆ మట్టాల దగ్గర డిప్‌లో ఒక్క మిల్లీమీటర్ అంటే 11 లీటర్లు. మొదటి డిప్‌లో ఒక మిల్లీమీటరు, చివరి డిప్‌లో ఒక మిల్లీమీటరు పొరపాటు పడితే 22. డిప్ రాడ్ కొద్దిగా వాలినా, లోడు దిగిన వెంటనే అల ఆగకముందే కొలిచినా ఇంత తేడా వస్తుంది. లోడు దిగాక కనీసం అరగంట ఆగి, రెండుసార్లు డిప్ తీసి, రెండూ కలిస్తేనే పుస్తకంలో ఎక్కించాలి. ఈ 26 లీటర్ల కోసం ఎవరినీ దొంగ అనడానికి ఆధారం లేదు.

కొనేవాళ్ల మాటకొస్తే

తెల్లవారుజామున ట్యాంకులో సరుకు మధ్యాహ్నం కంటే చల్లగా ఉండదు. తేడా ఉన్నా 0.3 డిగ్రీ, 10 లీటర్లకు 4 మి.లీ. లోపు. 300 లీటర్ల డీజిల్ నింపే లారీకి 80 మి.లీ. అంత తేడా ఏ మైలేజీలోనూ కనిపించదు. మధ్యాహ్నం బయల్దేరిన లారీ ఎండలో, ట్రాఫిక్‌లో, గాజువాక దగ్గర ఆగి ఆగి వెళ్తుంది. మైలేజీ తేడా అక్కడి నుంచి వస్తుంది.

ఎండ నిజంగా తగిలేది ఒక్క రబ్బరు గొట్టానికి. నాలుగు మీటర్ల గొట్టంలో లీటరు పైచిలుకు పెట్రోల్ నిలబడి ఉంటుంది. చాలాసేపు ఎవరూ రాకపోతే, పైకప్పు నీడ పడని నాజిల్ అయితే, అది చేతికి చుర్రుమనేంత కాగుతుంది. మీటరు గొట్టానికి ముందే ఉంటుంది కాబట్టి చల్లటి లీటరును లెక్కవేసి వేడి లీటరును మన ట్యాంకులో పోస్తుంది. పన్నెండు డిగ్రీల తేడాకు నష్టం 17 మి.లీ. అదీ మొదటి బండికే.

కొనేవాడికి అసలు తేడా వచ్చేది వేరే చోట. రోజుకు పది పన్నెండు వేల లీటర్లు అమ్మే బంకులో లోడు చల్లారేదాకా నిలవదు. 34, 35 డిగ్రీల సరుకే నాజిల్ గుండా వెళ్లిపోతుంది. డీలరుకు తరుగు పడదు, వేడి లీటర్లు కొనేవాడి బండిలోకి చేరతాయి. నెమ్మదిగా అమ్మే బంకులో అయిదో రోజు 31 డిగ్రీల లీటరు దొరుకుతుంది. మూడున్నర డిగ్రీల తేడా అంటే 0.44 శాతం, 500 రూపాయలకు రెండు రూపాయల పైచిలుకు. ఇక్కడ డీలరుకు పోయినది అక్కడ కొనేవాడికి పోతుంది. జనం రద్దీగా ఉన్న బంకులో సరుకు ఎప్పుడూ తాజా అని నమ్ముతారు, అది నిజం. అదే సరుకు వేడిది కూడా అన్నది ఎవరూ చెప్పరు. అయినా ఈ రెండు రూపాయల కోసం బంకు వెతుక్కుంటూ అదనంగా రెండు కిలోమీటర్లు తిరగడం దండగ. నాజిల్ పరీక్ష అడిగి చూసుకోవడం అంతకంటే లాభం. 5 లీటర్ల కొలత ప్రతి బంకులో ఉంటుంది, అడిగే హక్కు మనకు ఉంది. పంపు దగ్గర రాసిపెట్టే డెన్సిటీ 15 డిగ్రీలకు మార్చినది కాబట్టి అది సరుకు నాణ్యతకే గుర్తు. ఇప్పుడు సరుకు ఎంత వేడిగా ఉందో దానిలో తెలియదు.

అంచు దాకా నింపించే అలవాటు ఉన్నవాళ్లకు మాత్రం వేడి నేరుగా నష్టం చేస్తుంది. ఆరు లీటర్ల స్కూటర్ ట్యాంకును మెడ దాకా నింపి ఆర్కే బీచ్ రోడ్డులో ఎండలో పెడితే, 15 డిగ్రీలు ఎక్కేసరికి 110 మి.లీ. ఉబ్బుతుంది. చోటు లేక మూత దగ్గరి గొట్టం గుండా చుక్కచుక్కగా కింద పడుతుంది. టీ గ్లాసు నిండేంత పెట్రోల్, వేడి ఇంజన్ పక్కన. కారులో అయితే ఆటో కటాఫ్ తర్వాత బలవంతంగా పోయించిన పెట్రోల్ ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి చేరి దాన్ని పాడుచేస్తుంది. నాజిల్ మొదటిసారి "టక్" మన్నప్పుడే ఆపించాలి.

ఏం మార్చారు

ఎక్కువ పోస్తున్న నాజిల్‌ను డీలరు తానుగా ముట్టుకోకూడదు. కంపెనీ టెక్నీషియన్ వచ్చి సరిచేశాక తూనికలు కొలతల శాఖ అధికారి సరిచూసి సీలు వేయాలి. అలాగే చేశారు. తెల్లవారుజామున లోడింగ్ అడగాలన్న ఆలోచన వదిలేశారు. టెర్మినల్ ట్యాంకులు వేల కిలోలీటర్లవి, ఒక్క రాత్రిలో చల్లారవు. దాంతోపాటు, నిండిన లారీని బంకులో రాత్రంతా నిలబెట్టకుండా, వచ్చిన వెంటనే డిప్ చూసి దించుకోవడం మొదలుపెట్టారు.

స్టాక్ రిజిస్టర్‌లో కొత్తగా మూడు గళ్లు గీశారు: ట్యాంకు వేడి, మామూలు లీటర్లు, 15 డిగ్రీల లీటర్లు. మార్చడానికి పట్టిక 54బి. 745 డెన్సిటీ సరుకుకు 36 డిగ్రీల దగ్గర 0.9743, 30 దగ్గర 0.9817. అంటే 12,000 లీటర్ల లోడు ఈ గడిలో 11,692గా ఎక్కుతుంది, ముందున్న 4,000 లీటర్లు 3,927గా ఎక్కుతాయి. అమ్మకాన్ని కూడా ఏ రోజు అమ్మినది ఆ రోజు ట్యాంకు వేడితోనే మార్చాలి. మొదట్లో ఇక్కడే తప్పు చేశారు: లోడును 36తో మార్చి, అమ్మకాన్ని మామూలు లీటర్లలోనే వదిలేసేసరికి వందల లీటర్ల మాయ తేడా వచ్చింది.

ఇదే లెక్క కొండ మీది బంకులకు ఇంకా బరువు. కోస్తాలో 28 డిగ్రీల దగ్గర నిండిన డిసెంబరు లోడు పాడేరు ఘాటీ ఎక్కి 21 డిగ్రీల ట్యాంకులో చల్లారితే ఏడు డిగ్రీల తేడా, 105 లీటర్లు. అక్కడ అమ్మకమూ నెమ్మదే కాబట్టి మొత్తం తరుగు డీలరు మీదే పడుతుంది.

నాజిల్ సీలు పడ్డాక వచ్చిన మొదటి లోడుకు మామూలు లీటర్లలో తరుగు 86. అందులో చల్లారినది 50, ఆవిరి 15, మిగిలినది 21. ఆ 21 డిప్ రాడ్ మీద రెండు మిల్లీమీటర్ల లోపే. రాత్రి రీడింగ్‌లో 15 డిగ్రీల గడి ఎప్పుడైనా కదిలితే అప్పుడు పైపు జాయింట్లు, ఫిల్ పైపు మూత, పంపు కింద గుంత తెరిచి చూడాలని షిఫ్టు పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టారు.